మైపాడా, పులికాటా? నెల్లూరులో రెండు రోజులుంటే ఎటు వెళ్లాలి

ధనుర్మాసం వచ్చిందంటే మా ఇంట్లో ఫోను ఊరుకోదు. హైదరాబాదులో ఉన్న అక్క కొడుకు ప్రతి ఏడూ ఒకే ప్రశ్న అడుగుతాడు: "పిన్నీ, పండక్కి వస్తున్నాం. రెండు రోజులు ఖాళీ ఉంటుంది. పిల్లల్ని సముద్రానికి తీసుకెళ్లమంటావా, పులికాట్ దీవులకా?" రెండూ ఒకే రోజు ఎందుకు కాకూడదని మళ్లీ తనే అంటాడు. ఒక ఏడు అలాగే చేశారు కూడా. పొద్దున మైపాడు తీరం, మధ్యాహ్నం నెల్లూరులో భోజనం, సాయంత్రానికి పులికాట్ దగ్గరి సూళ్లూరుపేట. రాజహంసలు, అదే ఫ్లెమింగోలు, ఉండే చోటికి కారు చేరేసరికి చీకటి పడింది. చిన్నది వెనక సీటులో నిద్రపోయింది. దానికి ఆ రోజు పక్షులూ గుర్తు లేవు, అలలూ గుర్తు లేవు.

అప్పటి నుంచి అడిగిన వాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే. రోజుకు ఒక్క నీరు చాలు. సముద్రమైతే సముద్రం, సరస్సు అయితే సరస్సు. ఏది ఎంచుకోవాలన్నది మీరు వచ్చే నెలను బట్టి, మీతో వచ్చే మనుషులను బట్టి ఉంటుంది.

ముందు ఊరి అమరిక తెలియాలి. నెల్లూరును తీరప్రాంత నగరమే అంటాం గానీ సముద్రం ఊళ్లోకి రాదు. విశాఖలో లాగా ఆటో ఎక్కి అలల దగ్గర దిగడం ఇక్కడ కుదరదు. ఊరు పెన్న ఒడ్డున ఉంది. సముద్రం తూర్పుగా పాతిక కిలోమీటర్లు. పులికాట్ సరస్సు, దాని దీవులు దక్షిణంగా, చెన్నై వెళ్లే దారిలో, వంద కిలోమీటర్లకు కాస్త తక్కువ. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు సూళ్లూరుపేట, తడ తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. కానీ నెల్లూరు వాళ్లకు పులికాట్ ఇప్పటికీ ఇంటి వెనక పెరడు లాంటిదే. కాగితం మీద గీత మారినంత మాత్రాన ఆదివారం రైలెక్కి వెళ్లే అలవాటు మారదు కదా.

నెలను బట్టి మొదటి ఎంపిక

పులికాట్‌కు నీళ్లుంటేనే అందం. మన దేశంలో చిలికా తర్వాత ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. పేరుకు అంత పెద్దది గానీ చాలా చోట్ల లోతు నడుము దాకా కూడా ఉండదు. ఈశాన్య రుతుపవనాల వానలకు స్వర్ణముఖి, కాళంగి లాంటి నదులు నీళ్లు తెచ్చి నింపుతాయి. ఆ నీటిలో రొయ్య, చేప పెరుగుతాయి. వాటి కోసం పక్షులు వస్తాయి. వేసవి ముదిరేకొద్దీ ఉత్తరపు భాగం ఎండిపోయి నేల బీటలు వారుతుంది, ఉప్పు తెల్లగా పేరుతుంది. మే నెలలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు మీద వెళితే రెండు పక్కలా మైదానమే కనిపిస్తుంది. దూరం నుంచి వచ్చిన వాళ్లు ఆ ఎండలో నిలబడి సరస్సు ఎక్కడ అని అడగడం నేను చూశాను. వాళ్లు నిలబడి ఉన్నదే సరస్సు అడుగు.

అందుకని నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా వస్తే కళ్లు మూసుకుని పులికాట్ ఎంచుకోండి. వాయుగుండం ఉందని రేడియోలోనో టీవీలోనో చెబితే మాత్రం ఆ రోజు దీవుల మాట ఎత్తవద్దు, సముద్రం మాటా ఎత్తవద్దు. మార్చి నుంచి జూన్ దాకా వస్తే మైపాడు లాంటి తీరాలే మేలు. అదీ తెల్లవారుజామున గానీ, సాయంత్రం నాలుగున్నర దాటాక గానీ. నెల్లూరు ఎండకు మధ్యాహ్నం ఇసుక మీద కాలు మోపలేరు.

తిండి కోసం వచ్చేవారికి ఇంకో లెక్క ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మర పడవలతో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. సముద్రపు చేప బాగా తినాలనుకుంటే ఆ రెండు నెలలూ మినహాయించుకోండి. ఆ రోజుల్లో మేమూ చెరువు చేపకే మళ్లుతాం.

సముద్రం అనుకుంటే ఏ తీరం

నెల్లూరు నుంచి అందరూ వెళ్లేది మైపాడు. ఆర్టీసీ బస్సు ఉంది, రోడ్డు బాగుంటుంది, తినడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. ఆ దారి కూడా నాకిష్టం. ఇందుకూరుపేట దాటాక ముందు పచ్చటి వరి, తర్వాత రొయ్యల గుంటలు. గుంటల్లో ఏరేటర్లు తెల్లటి నురుగు చిమ్ముతూ తిరుగుతుంటాయి. ఆ వెనక బకింగ్‌హామ్ కాలువ. ఒకప్పుడు మద్రాసుకు సరుకు పడవలు వెళ్లిన కాలువ అది. అది దాటితే గాలిలో ఉప్పు తగులుతుంది, పిల్లలకు చెప్పకుండానే తెలిసిపోతుంది.

మైపాడుకు ఆదివారం సాయంత్రం, కనుమ నాడు, కార్తీక పౌర్ణమి నాడు జనం విపరీతంగా వస్తారు. జాతర కళ కావాలనుకునే వారికి అది మంచి రోజు. సముద్రంతో కాసేపు మౌనంగా ఉండాలనుకుంటే మామూలు రోజున తెల్లవారి ఆరుగంటలకు చేరండి. అప్పుడు అక్కడ ఉండేది పడవలు, వలలు, బేరాలు. పడవ ఒడ్డుకు రాగానే ఆడవాళ్లు తట్టలతో చుట్టుముడతారు. ఏ చేప ఎవరికి, ఎంతకు అన్నది నాలుగు మాటల్లో తేలిపోతుంది. ఆ నాలుగు మాటలు వినడానికైనా ఒకసారి వెళ్లాలి.

కోడూరు తీరం తోటపల్లిగూడూరు మండలంలో ఉంది. మైపాడంత హడావుడి ఉండదు. సరుగుడు తోపులు, వేళాంగణి మాత చర్చి. పెద్దవాళ్లు కూర్చోవడానికి నీడ కావాలంటే నేను కోడూరే చెబుతాను. తూపిలిపాళెం ఇంకా ప్రశాంతం. కానీ అది వాకాడు మండలంలో ఉంది, గూడూరు మీదుగా చుట్టి వెళ్లాలి, సొంత వాహనం లేనివారికి కష్టం. మా మరిది ఒకసారి కారును ఇసుక దాకా తీసుకెళ్లాడు. చక్రం దిగబడిపోతే జాలరి కుర్రాళ్లు ఆరుగురు వచ్చి పలకలు వేసి లాగారు. తారురోడ్డు ఆగిన చోటే కారు ఆపండి, మిగతాది నడవండి. తూపిలిపాళెం దాకా వెళ్లినవారు పక్కనే ఉన్న దుగరాజపట్నం కూడా చూసి రండి. 1620లలో ఆంగ్లేయులు స్థావరం పెట్టుకున్న ఆర్మగాన్ అదే. మద్రాసు నగరానికి పునాది పడకముందే ఇక్కడ వాళ్ల ఓడలు ఆగేవి. ఇప్పుడు చూడటానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. చరిత్ర మీద మక్కువ ఉంటేనే వెళ్లండి.

ఒంగోలు వైపు నుంచి వచ్చేవారు నెల్లూరు దాకా రావలసిన పని లేదు. కొత్తపట్నం వాళ్లకు ఇరవై కిలోమీటర్ల లోపే. సముద్రం ఒక్కటే కావాలంటే అక్కడికి వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు.

ఏ తీరమైనా ఒక్క విషయంలో తేడా లేదు. మన తూర్పు తీరపు అలలు లోపలికి లాగుతాయి. మోకాలి లోతులో నిలబడితేనే కాళ్ల కింద ఇసుక జారిపోవడం తెలుస్తుంది. ఊరి పిల్లలు ఈదుతున్నారు కదా అని మనం దిగకూడదు. ఏ చోట గుంట ఉందో, ఏ వైపు గుంజు ఉందో వాళ్లకు పుట్టుకతో తెలుసు. ఒడ్డున జాలరిని అడిగి, ఆయన చూపిన చోట, నడుము దాటకుండా స్నానం చేయండి. ఈత వచ్చినవారికీ ఇదే చెబుతున్నాను. ఏటా ఈ తీరాల్లో పోయే ప్రాణాల్లో ఈత వచ్చిన కుర్రాళ్లవీ ఉంటాయి.

దీవులు అనుకుంటే ఏ దీవి

పులికాట్‌లో ఊళ్ల పేర్లు గమనించండి, చాలావాటి చివర తిప్ప అని ఉంటుంది. నీటి మధ్య ఎత్తుగా మిగిలిన దిబ్బను తిప్ప అంటారు. ఇక్కడి దీవుల్లో బయటివారు తెలుసుకోదగినవి ముఖ్యంగా మూడు: శ్రీహరికోట, వేనాడు, ఇరకం. మూడూ మూడు రకాలు.

శ్రీహరికోట పేరు అందరికీ తెలుసు. సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ పడుకున్న పొడవాటి దీవి. 1971లో మొదటి చిన్న రాకెట్ అక్కడి నుంచి ఎగిరింది. పెద్ద రాకెట్లలో నూరవది 2025 జనవరి 29న తెల్లవారి 6.23కు ఎగిరింది. దీవిలోకి మామూలుగా మనల్ని పోనివ్వరు. ప్రయోగం ఉన్న రోజున 2019లో తెరిచిన వీక్షణ గ్యాలరీ నుంచి చూడవచ్చు. ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డు తేవాలి. రాకెట్ చూడటం జీవితంలో ఒక్కసారైనా ఉండాల్సిన అనుభవమే, అందులో సందేహం లేదు. కానీ ప్రయోగాలు వాయిదా పడతాయి. రెండే రోజుల సెలవును ఒక్క ప్రయోగానికి కట్టేయడం నాకు ఇష్టం ఉండదు. గ్యాలరీలో చోటు దొరక్కపోయినా సూళ్లూరుపేట మేడల మీద నుంచి, సరస్సు ఒడ్డు నుంచి బాగా కనిపిస్తుంది. ముందు వెలుగు లేస్తుంది, అందరూ కేకలు వేస్తారు, ఆ కేకలు సద్దుమణిగాక గానీ గర్జన చేరదు. కిటికీ రెక్కలు అదురుతాయి. ఆకాశం నిర్మలంగా ఉంటే నెల్లూరులో మా డాబా మీద నుంచి కూడా ఆ గీత కనిపిస్తుంది, ముఖ్యంగా రాత్రి ప్రయోగమైతే.

ప్రయోగం లేని రోజున కూడా ఆ రోడ్డు చూడదగినదే. సూళ్లూరుపేట నుంచి సరస్సు మీదుగా వేసిన దారి అది. అటకానితిప్ప దగ్గర దిగి చూడండి. చలికాలం పొద్దున రాజహంసలు వందలుగా నిలబడి ఉంటాయి. బైనాక్యులర్లు తప్పకుండా తెచ్చుకోండి, లేకపోతే దూరాన తెల్లటి గీత తప్ప ఏమీ కనిపించదు. ఉంటే మాత్రం ఎంత వింతగా తింటాయో చూడవచ్చు. మెడను కిందికి పూర్తిగా వంచి, తలను తలకిందులు చేసి, ముక్కు పైభాగం బురద వైపు ఉండేలా నీళ్లలో పెడుతుంది. కాళ్లతో బురదను తొక్కుతూ చిన్న వృత్తంలో తిరుగుతుంది. నీళ్లను ముక్కులోకి పీల్చి, వడగట్టి, బయటికి తోస్తుంది. అది తినే చిన్న రొయ్యల్లో, నాచులో ఉండే రంగే దాని రెక్కలకు గులాబీ ఛాయ తెస్తుంది. పక్కన బూడిదరంగులో ఉన్నవి ఇంకా రంగు తిరగని పిల్లలు. దగ్గరికి పోదామని నీళ్లలో అడుగు పెట్టకండి. బురద మోకాళ్ల దాకా దిగబడుతుంది, పక్షులూ లేచిపోతాయి. డ్రోన్లు ఎగరేయవద్దు, అది అంతరిక్ష కేంద్రం భద్రతా ప్రాంతం.

వేనాడుకు ఆ రోడ్డు నుంచే చీలిన దారి ఉంది, పడవ అక్కర్లేదు. నీళ్లంటే భయపడేవారికీ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికీ ఇదే సరైన దీవి. అక్కడి దర్గాకు హిందువులూ ముస్లింలూ కలిసే వస్తారు. ఏటా గంధ మహోత్సవం జరిగే రోజుల్లో దీవి మనుషులతో నిండిపోతుంది. మిగతా రోజుల్లో గాలి చప్పుడు తప్ప ఏమీ వినిపించదు.

నా మనసు మాత్రం ఇరకంలోనే ఉంది.

తడ దగ్గర భీములవారిపాళెం రేవు నుంచి పడవలో వెళ్లాలి. నీరు తక్కువగా ఉన్న చోట మోటారు ఆపేసి పడవ అతను పొడవాటి వెదురు గడ తీసుకుంటాడు. గడ అడుగున ఆనించి, భుజం మోపి, పడవ అంచు మీద వెనక్కి నడుస్తాడు. అతను వెనక్కి నడిస్తే పడవ ముందుకు వెళుతుంది. గడ పైకి లాగినప్పుడల్లా నల్లటి బురద కొద్దిగా జారి నీళ్లలో పడుతుంది. దానికోసం చిన్న చేపలు వస్తాయి. పిల్లలకు అది చూపించండి. నేను వెళ్లిన రోజున పడవలో మాతో పాటు ఒకామె బియ్యం మూట, గ్యాస్ బండ, ఒక పెళ్లి పత్రికల కట్ట తీసుకెళ్తోంది. ఆ దీవికి ప్రతి వస్తువూ అలా నీళ్ల మీదుగా రావలసిందే. రోగికి మందైనా అంతే, బడి పంతులైనా అంతే.

ఇరకంలో చూడటానికి టిక్కెట్టు పెట్టే వింతలేమీ లేవు. ఆరవేసిన వలలు, ఎండు చేపలు, తెలుగూ తమిళమూ కలిసిన మాటలు. ఈ సరస్సులో ఎవరు ఏ చోట ఎప్పుడు వల వేయాలో వంతులు వేసుకునే పద్ధతి ఒకటుంది, పాడు అంటారు. తరతరాలుగా జాలరి పెద్దలు కూర్చుని నిర్ణయించుకునే లెక్క అది. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన దగ్గర పది నిమిషాలు కూర్చుని పాడు గురించి అడగండి. సముద్రపు ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతుంటే సరస్సులోకి రొయ్య రావడం ఎలా తగ్గిందో కూడా చెబుతారు. రాయదొరువు దగ్గర పూడిక తీయాలన్న కోరిక ఈ తీరంలో ఏ జాలరి నోటనైనా వినిపిస్తుంది. అడిగి తెలుసుకోకుండా ఫొటోలు తీసుకుని వచ్చేస్తే ఇరకం వెళ్లినట్టు కాదని నా అభిప్రాయం. ఇళ్ల ముందు ఆడవాళ్లను మాత్రం అడగకుండా ఫొటో తీయవద్దు. ప్లాస్టిక్ సీసాలు మీరు తెచ్చినవి మీరే తిరిగి తీసుకెళ్లండి, దీవి మీద చెత్తబండి రాదు.

సూళ్లూరుపేట దాకా వెళ్లినవారు నేలపట్టు కూడా చేర్చుకోవచ్చు. రోజుకు ఒక్క నీరు అన్న నా మాటకు ఇది భంగం కాదు, ఎందుకంటే ఆ రెండూ ఒకే సంసారం. గూడబాతులు, అంటే పెలికాన్లు, నేలపట్టు చెరువులోని కడప చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి, మేతకు పులికాట్ వెళతాయి. 1976 నుంచి అది రక్షిత కేంద్రం. అంతకు చాలా ముందు నుంచే చుట్టుపక్కల రైతులు ఆ పక్షులను కాపాడుకుంటూ వచ్చారు. రెట్టలు కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువు అవుతుందని వాళ్లకు తెలుసు. పొద్దున నేలపట్టు, తర్వాత పులికాట్. ఈ వరుస బాగుంటుంది. ఫ్లెమింగో పండుగ ఎక్కువగా జనవరిలో జరుపుతారు. ఆ రోజుల్లో బస్సులు, పడవలు దొరకడం సులువు, పక్షుల దగ్గర నిశ్శబ్దం దొరకడం కష్టం. మొదటిసారి వచ్చే పిల్లలున్న కుటుంబానికి పండుగ రోజులు, కెమెరా పట్టుకుని వచ్చేవారికి మిగతా రోజులు.

బస ఎక్కడ

దీవుల మీదే దృష్టి ఉంటే సూళ్లూరుపేటలో దిగడం మేలు. రైల్వే స్టేషన్ ఉంది, తెల్లవారేసరికి సరస్సు దగ్గర ఉండవచ్చు. కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడి ఉంది, రాత్రీ పగలూ తలుపులు వేయని గుడి. ప్రయోగానికి ముందు అంతరిక్ష శాస్త్రవేత్తలు కూడా వచ్చి మొక్కుకునేది ఆ అమ్మవారికే. మిగతా అన్నింటికీ నెల్లూరే సౌకర్యం. పిల్లలు, పెద్దలు కలిసిన కుటుంబమైతే నెల్లూరులో గది తీసుకుని, దీవుల రోజున తొలి రైలుకో కారుకో బయలుదేరండి. రొట్టెల పండుగ రోజుల్లో మాత్రం గది ముందే చెప్పుకోండి. మొహర్రం సమయంలో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో నిలబడి లక్షల మంది రొట్టెలు మార్చుకుంటారు. ఊళ్లో అంగుళం చోటు దొరకదు.

సాయంత్రం ఊళ్లో ఉంటే రంగనాథస్వామి గుడి వెనక పెన్న ఒడ్డుకు వెళ్లండి. సంక్రాంతికి వచ్చేవారు ఏటి పండుగ వదులుకోకూడదు. పండుగ చివర ఆడపిల్లలు గొబ్బెమ్మలను తెచ్చి పెన్నలో కలుపుతారు, ఏటి ఇసుకంతా రంగుల పావడాలే. సముద్రమా దీవా అన్న ప్రశ్న ఆ సాయంత్రానికి పక్కన పెట్టండి.

చేపల పులుసు: హోటలా, ఇల్లా

నెల్లూరు వచ్చి చేపల పులుసు తినకుండా పోయేవారు ఉండరు. హోటల్లో తినడం తప్పు కాదు, చాలా చోట్ల బాగా చేస్తారు. వండుకునే వీలున్న బస అయితే మాత్రం మైపాడులో పొద్దున కొని తెచ్చుకోండి. మొప్పలు ఎత్తి చూడండి, నెత్తురు ఎరుపు ఉండాలి. కన్ను ఉబ్బి మెరవాలి. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే సర్దుకోవాలి. పులుసుకు వంజరం మంచిది. దొరికితే బొమ్మిడాయిలు ఇంకా రుచి. చందువ వేపుడుకు బాగుంటుంది. నెత్తళ్లు దొరికితే వదలకండి.

మా అత్తగారు నేర్పిన పద్ధతి చెబుతాను. ధనియాలు, కొద్దిగా మెంతులు, జీలకర్ర వేయించి దంచుకోవాలి. వెడల్పాటి మట్టి దాకలో ఉల్లిపాయ మగ్గాక కారం, ఉప్పు, పసుపు, చిక్కటి చింతపండు రసం పోసి బాగా మరగనివ్వాలి. పులుసు మరిగాకే ముక్కలు వేయాలి. వేశాక గరిటె పెట్టకూడదు. బట్టతో దాక అంచులు పట్టుకుని మెల్లగా తిప్పాలి, అంతే. పుల్ల మామిడికాయ ముక్కలు చివర్లో వేస్తే విడిపోకుండా ఉడుకుతాయి, ఆఖరున దంచిన పొడి. ఆ పూట ఆగగలిగితే ఆగండి. రాత్రి వండి పొద్దున తింటే ముక్కకు పులుసు పడుతుంది. పులికాట్ వెళ్లిన రోజున మాత్రం చేప కంటే ఎండ్రకాయలు, రొయ్యలు అడగండి, సరస్సు రుచి వాటిలోనే ఉంటుంది. మాంసం తినని వారికి ఊళ్లో నెయ్యి కారం దోశ ఉంది, తీపికి మలైకాజా ఉంది. తిరుగు ప్రయాణంలో కాజా డబ్బా కొనే వారు చలికాలంలో అయితే దూరం తీసుకెళ్లవచ్చు, ఎండల్లో ఆ రోజే తినేయాలి.

మా అక్క కొడుక్కి ఈ ఏడు చెప్పిన ప్రణాళిక ఇది: మొదటి రోజు తెల్లవారి నేలపట్టు, అటకానితిప్ప, మధ్యాహ్నం దాటక ముందే భీములవారిపాళెం నుంచి ఇరకం. రెండో రోజు పొద్దున మైపాడులో చేప, సాయంత్రం పెన్న ఒడ్డు. వాళ్ల అత్తగారికి పడవ పడకపోతే ఇరకం బదులు వేనాడు. ఇరకం వెళితే రేవులో పడవ ఎక్కేటప్పుడే తిరుగు పడవ వేళ మాట్లాడుకొమ్మని రెండుసార్లు చెప్పాను, లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కవద్దని కూడా. సాయంత్రం ఐదు దాటితే సరస్సు మీద గాలి తిరుగుతుంది. చీకటి పడ్డాక వలలకు పాతిన కర్రలు పడవ అతనికి కూడా కనిపించవు.